హెంప్ పైరులోని కన్నాబినాయిడ్లు – దేహంపై వాటి ప్రభావం

సారాంశం

హెంప్, గంజాయి ఒకే జాతికి చెందిన మొక్కలు. ఈ రెండింటినీ చట్టం వేరుచేసేది ప్రధానంగా పూతలో ఉండే టిహెచ్‌సి పరిమాణాన్ని బట్టే. అనేక దేశాలు అనుసరిస్తున్న 0.3 శాతం హద్దు పైరును వర్గీకరించడానికి ఏర్పడినదే గాని, మనిషికి హాని చేయని మోతాదును సూచించేది కాదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల రైతు పైరును, వినియోగదారుడు ఆరోగ్యాన్ని నష్టపోయే ప్రమాదం ఉంది. కన్నాబినాయిడ్లు మొక్కలో తయారయ్యే తీరు, దేహంలో పనిచేసే విధానం, విస్తరణ సిబ్బంది గమనించవలసిన అంశాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పేర్లలో స్పష్టత

‘హెంప్’ అనే మాట మన ప్రాంతంలో కొంత గందరగోళానికి తావిస్తుంది. పచ్చిరొట్టగా వేసే జనుమును ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన క్రోటలేరియా జన్షియా. నారకోసం పండించే గోగును డెక్కన్ హెంప్ అంటారు. ఇది మందార కుటుంబానికి చెందిన హైబిస్కస్ కన్నాబినస్. దీని ఆకుల ఆకారం గంజాయి ఆకును పోలి ఉండడం వల్లనే ‘కన్నాబినస్’ అనే పేరు వచ్చింది. ఈ రెండు పైర్లలోనూ టిహెచ్‌సి గాని, సిబిడి గాని ఉండవు. ఈ వ్యాసంలో హెంప్ అంటే కన్నాబిస్ సటైవా జాతిలో టిహెచ్‌సి తక్కువగా ఉండే రకాలు మాత్రమే.

మొక్కలో తయారయ్యే తీరు

హెంప్ హ్రస్వ దీప్తికాల మొక్క. సాధారణంగా ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. ఆడ పూలను చుట్టి ఉండే పుష్పపుచ్ఛాలపై గ్రంథి కేశాలు దట్టంగా ఉంటాయి. కన్నాబినాయిడ్లు ముఖ్యంగా ఈ కేశాల తలభాగంలోనే తయారై, జిగురుతోపాటు నిలువ ఉంటాయి. ఆకుల్లో ఇవి తక్కువ. కాండపు నారలో అత్యల్పం. గింజ లోపలి పప్పు వీటిని తయారుచేయదు. గింజల్లో కనిపించే కొద్దిపాటి టిహెచ్‌సి, కోత, నూర్పిడి సమయాల్లో పుచ్ఛాల జిగురు గింజపై అంటుకోవడం వల్ల వచ్చేదే.

ఇంతవరకు ఈ మొక్కలో నూరుకు పైగా కన్నాబినాయిడ్లను గుర్తించారు. వీటిలో ముఖ్యమైనవాటికి మూలపదార్థం ఒక్కటే. ఒలివెటాలిక్ ఆమ్లం, జెరానిల్ డైఫాస్ఫేట్ కలిసి కన్నాబిజెరాలిక్ ఆమ్లం ఏర్పడుతుంది. దీనిపై ఏ ఎంజైమ్ పనిచేస్తుందనే దానిని బట్టి టిహెచ్‌సి ఆమ్లం, సిబిడి ఆమ్లం లేదా సిబిసి ఆమ్లం తయారవుతాయి. ఏ ఎంజైమ్ ప్రధానంగా పనిచేయాలో నిర్ణయించేది జన్యువులు. అందువల్ల ఎరువులు, నీటి యాజమాన్యం మొత్తం దిగుబడిని మార్చగలవే గాని, గంజాయి రకాన్ని హెంప్‌గా మార్చలేవు.

పచ్చి మొక్కలో కన్నాబినాయిడ్లు చాలావరకు ఆమ్ల రూపంలోనే ఉంటాయి. టిహెచ్‌సి ఆమ్లానికి మత్తు కలిగించే గుణం లేదు. వేడి తగిలినప్పుడు, ఎక్కువకాలం నిలువ ఉంచినప్పుడు ఆమ్లంలోని కార్బన్ డయాక్సైడ్ విడిపోయి, మత్తునిచ్చే టిహెచ్‌సి ఏర్పడుతుంది. ఈ చర్యను డీకార్బాక్సిలేషన్ అంటారు. కాల్చినా, వండినా జరిగేది ఇదే.

0.3 శాతం హద్దు – దాని అర్థం

1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రవేత్తలు కన్నాబిస్ జాతిని ఉపజాతులుగా విభజిస్తూ 0.3 శాతం టిహెచ్‌సిని విభజన రేఖగా తీసుకున్నారు. అది వర్గీకరణ సౌలభ్యం కోసం ఎంచుకున్న అంకె. కాలక్రమంలో అదే చట్టాలలోకి ప్రవేశించింది. అమెరికా 2018 వ్యవసాయ చట్టంలోను, 2023 నుంచి ఐరోపా సమాఖ్య సబ్సిడీ నియమాలలోను ఈ అంకెనే స్వీకరించారు.

పైరును పరీక్షించేటప్పుడు ఉన్న టిహెచ్‌సితోపాటు, ఆమ్లం నుంచి ఏర్పడగల టిహెచ్‌సిని కూడా లెక్కించాలి. అణుభారాల నిష్పత్తిని బట్టి ఆమ్లాన్ని 0.877తో గుణిస్తారు.

మొత్తం టిహెచ్‌సి = టిహెచ్‌సి + (టిహెచ్‌సి ఆమ్లం × 0.877)

ఉదాహరణకు ఒక నమూనాలో టిహెచ్‌సి 0.05 శాతం, దాని ఆమ్లం 0.35 శాతం ఉన్నాయనుకుందాం. మొదటి అంకెను మాత్రమే చూస్తే పైరు హద్దులోనే ఉన్నట్లు కనిపిస్తుంది. మొత్తం లెక్కిస్తే 0.357 శాతమై హద్దు దాటుతుంది.

సిబిడి కోసం పండించే రైతుకు ఇది మరింత చిక్కైన విషయం. సిబిడి ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమ్ స్వల్పంగా టిహెచ్‌సి ఆమ్లాన్ని కూడా తయారుచేస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి 25:1 ఉన్న రకంలో సిబిడి 5 శాతానికి చేరితే టిహెచ్‌సి 0.2 శాతం ఉంటుంది. పూత ముదిరి సిబిడి 10 శాతానికి చేరితే టిహెచ్‌సి 0.4 శాతమవుతుంది. రకం మారలేదు, కోత ఆలస్యమైంది, అంతే. అమెరికా నియమాల్లో కోతకు ముందు 30 రోజులలోపు నమూనా తీయాలనడానికి కారణం ఇదే.

దేహంలోని గ్రాహకాలు

టిహెచ్‌సి నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషౌలమ్, యెహియెల్ గావొని నిర్ధారించారు. అది దేహంలో ఎక్కడ పనిచేస్తుందో తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1988లో మెదడులో దానిని స్వీకరించే గ్రాహకం ఉన్నట్లు గుర్తించారు. దీనినే ఇప్పుడు సిబి1 అంటున్నారు. ప్రధానంగా రోగనిరోధక కణాలపై ఉండే సిబి2 గ్రాహకం 1993లో వెల్లడైంది.

ఒక మొక్కలోని పదార్థం కోసం మన దేహంలో గ్రాహకం ఎందుకుండాలన్న ప్రశ్నకు 1992లో సమాధానం దొరికింది. దేహం స్వయంగా తయారుచేసుకునే ఒక కొవ్వు సంబంధ పదార్థం ఈ గ్రాహకానికి అతుకుతుందని కనుగొన్నారు. దానికి సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దం ఆధారంగా ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. 1995లో 2-ఎజి అనే రెండవ పదార్థం కూడా తెలిసింది.

నాడీ సంధి వద్ద ఇవి విరుద్ధ దిశలో పనిచేస్తాయి. సంకేతాన్ని అందుకున్న కణం వీటిని విడుదల చేయగా, ఇవి సంకేతం పంపిన కణంపై ఉన్న సిబి1కు అతికి, ఇక చాలునన్నట్లు ప్రసారాన్ని తగ్గిస్తాయి. పని ముగియగానే ఎంజైములు వీటిని విచ్ఛిన్నం చేస్తాయి. మడిలోకి తగినంత నీరు చేరగానే తూమును మూసినట్లు, అవసరమైన చోట, అవసరమైనంతసేపే ఈ నియంత్రణ జరుగుతుంది. బయటినుంచి వచ్చిన టిహెచ్‌సికి ఈ విచక్షణ లేదు. ఏకకాలంలో అనేక సంధులపై, గంటల తరబడి పనిచేస్తుంది.

జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్‌లో, కదలికలను సమన్వయపరచే అనుమస్తిష్కంలో సిబి1 అధికం. అందుకే మరుపు, కాలభ్రమ, తూలడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వీటితోపాటు గుండె వేగం, ఆకలి పెరుగుతాయి. మోతాదు మించితే తీవ్రమైన ఆందోళన, భ్రాంతి కలగవచ్చు. శ్వాసను నియంత్రించే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు తక్కువ కాబట్టి నల్లమందు తరహాలో శ్వాస ఆగే ప్రమాదం పెద్దలలో చాలా అరుదు. పసిపిల్లలకు ఈ భరోసా వర్తించదు. వారు పొరపాటున తిన్నప్పుడు స్పృహ తప్పడం, శ్వాస మందగించడం జరగవచ్చు. గర్భిణుల్లో టిహెచ్‌సి మాయను దాటి శిశువును చేరుతుంది. తల్లిపాలలోకి కూడా వస్తుంది.

సిబిడి పనిచేసే విధానం వేరు

సిబిడి సిబి1కు బలంగా అతకదు. కాబట్టి మత్తు కలిగించదు. అయితే మత్తు లేనంత మాత్రాన ప్రభావం లేదని భావించరాదు. శుద్ధి చేసిన సిబిడి ఔషధాన్ని, పిల్లల్లో వచ్చే డ్రావే, లెన్నాక్స్-గాస్టో అనే తీవ్రమైన మూర్ఛవ్యాధులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఆమోదించింది. అందులో కిలో శరీర బరువుకు రోజుకు 10 నుంచి 20 మి.గ్రా. వరకు ఇస్తారు. 20 కిలోల బిడ్డకు ఇది 200 నుంచి 400 మి.గ్రా. కొన్ని చుక్కల నూనెలో లభించే స్వల్ప మోతాదులకు ఈ ఫలితాలను ఆపాదించడం శాస్త్రీయం కాదు.

సిబిడి కాలేయ ఎంజైములపై పనిచేస్తుంది. క్లోబజామ్‌తో కలిపి వాడినప్పుడు మగత పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిపితే కాలేయ పరీక్షల విలువలు పెరిగే అవకాశం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావం అధికమైన సందర్భాలున్నాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరే సిబిడి సుమారు 4 రెట్లవుతుంది. ఈ మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా సిబిడి తీసుకోరాదు.

తీసుకునే మార్గం, మోతాదు

పొగ ద్వారా తీసుకున్న టిహెచ్‌సి నిమిషాల్లో మెదడును చేరుతుంది. తిన్నది లేదా తాగినది పనిచేయడానికి అరగంట నుంచి గంటన్నర పట్టవచ్చు. ఈలోగా కాలేయం దానిని 11-హైడ్రాక్సీ టిహెచ్‌సిగా మారుస్తుంది. ఇది కూడా మత్తు పదార్థమే. ప్రభావం 6 నుంచి 8 గంటలు ఉండవచ్చు. భంగు తాగినవారు ఇంకా ఏమీ కాలేదని రెండవ గ్లాసు తాగి ఇబ్బంది పడడానికి ఈ ఆలస్యమే కారణం.

ఇక 0.3 శాతం విషయానికి వద్దాం. ఎండు పూతకు ఉద్దేశించిన ఈ హద్దును 5 గ్రాముల మిఠాయి ముక్కకు అన్వయిస్తే 15 మి.గ్రా. టిహెచ్‌సి వస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2021లో పరిశోధనలకోసం నిర్ణయించిన ప్రమాణ మోతాదు 5 మి.గ్రా. మాత్రమే. అంటే శాతంలో స్వల్పంగా కనిపించేది మోతాదులో మూడింతలు. పైగా హెంప్ నుంచి తీసిన సిబిడిని ఆమ్లాల సహాయంతో డెల్టా-8 టిహెచ్‌సిగా మార్చి అమెరికాలో విక్రయించారు. ఇది కూడా మత్తు కలిగిస్తుంది. శుద్ధి సరిగా లేకుంటే చర్యలో మిగిలిన అవశేషాలు సరుకులోకి చేరతాయి. ‘హెంప్ నుంచి తీసినది’ అనే మాట ముడిసరుకును చెబుతుందే గాని, సీసాలో ఉన్నదేమిటో చెప్పదు.

మన పరిస్థితులలో గమనించవలసినవి

1. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం మొక్క స్థాయిలో టిహెచ్‌సి శాతాన్ని బట్టి మినహాయింపు ఇవ్వలేదు. నార, గింజ, ఉద్యాన అవసరాల సాగుకు 14వ సెక్షను కింద ప్రభుత్వ ఉత్తర్వు అవసరం. ఈ మార్గంలో 2018లో ఉత్తరాఖండ్ మొదటగా లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు లేని సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన కారాగారశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంతర్జాల ప్రకటనలు చూసి విత్తనం తెప్పించుకోవాలనుకునే రైతుకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

2. శీతల దేశాల నార రకాలను మన అక్షాంశాల్లో విత్తితే పగటి నిడివి తక్కువ కావడం వల్ల మొక్క ఎదగకముందే పూతకు వస్తుంది. అక్కడి దిగుబడులను ఇక్కడి అంచనాలకు వాడరాదు.

3. గింజ నూనె వేరు, సిబిడి నూనె వేరు. హెంప్ గింజలో సుమారు 30 శాతం నూనె, 25 శాతం మాంసకృత్తులు ఉంటాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో గింజను, గింజ నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. ఈ గుర్తింపు ఆకుకు, పూతకు వర్తించదు.

4. హెంప్ నేలలోని కాడ్మియం వంటి భారలోహాలను గ్రహించగలదు. సారం తీసేటప్పుడు పురుగుమందుల అవశేషాలు కూడా గాఢమవుతాయి. కాబట్టి నేల పరీక్ష ఈ పైరులో వినియోగదారుని ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

ముగింపు

కన్నాబినాయిడ్లు సర్వరోగ నివారిణులూ కావు, అన్నీ మత్తుమందులూ కావు. ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ మార్గంలో, ఎవరు తీసుకుంటున్నారు అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే వాటి మేలు, కీడులను అంచనా వేయగలం. పొలంలో శాతం, దేహంలో మిల్లీగ్రాములు ప్రమాణాలు. ఈ రెండింటినీ కలపకుండా రైతుకు, వినియోగదారునికి వివరించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.