మెయిల్ మూసినా మోగాల్సిందే

ఉద్యోగకాలమంతా ఆఫీసుల్లో కంప్యూటర్ల బాగోగులు చూశాను. "సార్, అపాయింట్‌మెంట్ పెట్టుకున్నాను, కానీ టైముకి గుర్తు చెయ్యలేదు" అనే ఫిర్యాదు విన్నన్నిసార్లు ఇంకోటి వినలేదు. వెళ్లి చూస్తే చాలామటుకు కారణం ఒక్కటే: ఆ సమయానికి మెయిల్ ప్రోగ్రాం మూసి ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకూ, రిటైరయ్యాక డాక్టర్ల చుట్టూ తిరగాల్సివస్తున్న నా ఈడువాళ్లకూ పనికొస్తాయని, నేను నేర్చుకున్నవి వరసగా చెబుతున్నాను.

1. రాసుకోవడం వేరు, మోగించడం వేరు

క్యాలెండర్లు ఒకదాని సమాచారం ఇంకొకటి చదువుకోవడానికి ఐక్యాలెండర్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. 1998లో వచ్చింది, 2009లో సవరించారు. "15 నిమిషాల ముందు గుర్తు చెయ్యి" అన్నది అందులో ఒక చిన్న పంక్తి, అంతే. ఏదో ఒక ప్రోగ్రాం మేలుకుని ఉండి, టైము చూసుకుంటూ, ఆ పంక్తి చదివి మోగించాలి. ఆ ప్రోగ్రాం మూసేయడమంటే అలారం పెట్టిన గడియారాన్ని బ్యాటరీ తీసి పక్కన పెట్టడమే. అందుకే ఏ అపాయింట్‌మెంట్ రాసుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని మోగించేదెవరు?

2. మూసేయకండి, కిందికి దించండి

కంప్యూటర్లో పెట్టుకునే పాత అవుట్‌లుక్ గానీ, థండర్‌బర్డ్ గానీ తెరిచి ఉన్నంతసేపే గుర్తు చేస్తాయి. పైన మూల ఇంటూ గుర్తు నొక్కితే ప్రోగ్రాం ఆగిపోతుంది. అదే వరసలో ఉన్న అడ్డగీత నొక్కితే కిందికి దిగి, తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. కింద పట్టీలో కూడా కనబడకూడదనుకుంటే, గడియారం పక్కనున్న అవుట్‌లుక్ బొమ్మ మీద కుడి బటన్ నొక్కి 'హైడ్ వెన్ మినిమైజ్డ్' ఎంచుకోండి.

మా అకౌంట్స్ సెక్షన్లో ఒకాయన వాళ్లమ్మగారి కంటి పరీక్షను ఉదయం 11 గంటలకని రాసిపెట్టుకున్నాడు. కంప్యూటర్ నెమ్మదిగా ఉందని మెయిల్ మూసేసి లెక్కల పనిలో పడ్డాడు. భోజనాల వేళ మెయిల్ తెరవగానే చిన్న కిటికీ ఒకటి పైకి లేచింది. అమ్మ పేరు, ఆస్పత్రి పేరు, పక్కన 'ఓవర్‌డ్యూ' అన్న మాట. మూసి ఉన్నప్పుడు పేరుకుపోయిన గుర్తులన్నీ తెరిచాక ఒక్కసారిగా వచ్చిపడతాయి. అప్పటికి వాటితో పనేముంది?

3. లాగిన్ అవగానే తనంతట తాను తెరుచుకోవాలి

రోజూ మీరే తెరవాలంటే ఏదో ఒక రోజు మరుపు తప్పదు. విండోస్ మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో షెల్, కోలన్, స్టార్టప్ అని ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్లో మీ మెయిల్ ప్రోగ్రాం షార్ట్‌కట్ పెట్టండి. ఇక లాగిన్ అయిన ప్రతిసారీ అదే తెరుచుకుంటుంది. అయితే ల్యాప్‌టాప్ మూత మూసి నిద్రపుచ్చితే ఈ ఏర్పాటు కూడా నిద్రపోతుందని మరిచిపోకండి.

4. మీ క్యాలెండర్ ఎక్కడుందో తెలుసుకోండి

అసలు కీలకం ఇక్కడుంది. మెయిల్ ఖాతా పాప్ పద్ధతిలోదో, ఐమ్యాప్ పద్ధతిలోదో అయితే వాటి పని ఉత్తరాలు చేరవేయడం వరకే. అవుట్‌లుక్‌లో రాసిన అపాయింట్‌మెంట్లు ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉండిపోతాయి. మెయిల్ ఫోన్లోకి వస్తోంది కాబట్టి క్యాలెండర్ కూడా వస్తోందనుకుని మోసపోయేది ఇక్కడే. ఎక్స్చేంజ్, మైక్రోసాఫ్ట్ 365 ఖాతాలైతే, లేదా నేరుగా గూగుల్ క్యాలెండర్లోనే రాసుకుంటే, క్యాలెండర్ సర్వర్లో ఉంటుంది. అక్కణ్ణుంచి ఫోనుకూ చేరుతుంది. గూగుల్ క్యాలెండర్లో 'ఈమెయిల్' అనే గుర్తు ఎంచుకుంటే ఆ ఉత్తరం సర్వరే పంపుతుంది, మీ కంప్యూటర్ ఆపేసి ఉన్నా సరే.

5. ఫోనుకు అప్పగించండి, దాని నోరు మాత్రం నొక్కకండి

మెయిల్ మూసి ఉన్నా గుర్తు చేయడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఫోన్ ఎప్పుడూ ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది కదా. కానీ ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్ నోటిఫికేషన్లకు మన అనుమతి అడుగుతుంది. తొందరలో 'వద్దు' నొక్కారో, ఆ యాప్ ఇక నోరెత్తదు. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో క్యాలెండర్ యాప్‌కు నోటిఫికేషన్లు ఇచ్చి, బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. 'డు నాట్ డిస్టర్బ్' ఏయే వేళల్లో పెట్టారో కూడా చూసుకోండి.

6. 15 నిమిషాలు అన్నిటికీ చాలవు

అవుట్‌లుక్ మామూలుగా 15 నిమిషాల ముందు గుర్తు చేస్తుంది. పక్క గదిలో మీటింగ్‌కి అది చాలు. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలంటే చాలదు. పరగడుపున రక్తం ఇవ్వాలంటే ముందురోజు రాత్రి భోజనానికి ముందే తెలియాలి. గూగుల్ క్యాలెండర్లో ఒకే పనికి 5 గుర్తుల దాకా పెట్టుకోవచ్చు. పాత అవుట్‌లుక్‌లో ఒక్కటే కుదురుతుంది కాబట్టి, ముందురోజు సాయంత్రానికి వేరే అపాయింట్‌మెంట్ రాసుకోండి.

7. అమెరికా పిల్లలతో మాటకు అమెరికా టైమే రాయండి

డాలస్‌లో ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 8:30, చలికాలంలో 9:30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. మన దగ్గర ఆ మార్పు లేదు. ఆఫీసు కాల్ అయినా, మనవడితో వీడియో కాల్ అయినా టైమ్‌జోన్ దగ్గర వాళ్ల ఊరి సమయం ఎంచుకుంటే మిగతా లెక్క క్యాలెండరే చూసుకుంటుంది.

8. లేచాకే కొట్టేయండి

గుర్తు రాగానే 'డిస్మిస్' నొక్కి మళ్లీ పనిలో మునగడం చాలామందికి అలవాటు. కుర్చీలోంచి లేచేదాకా 'స్నూజ్' మాత్రమే నొక్కండి. విమానం, ఆపరేషన్, కోర్టు వాయిదా లాంటివాటికి ఫోన్లో మామూలు అలారం కూడా పెట్టండి, ఇంట్లో ఒకరి చెవిన వేయండి. ఒక్క యంత్రాన్నే నమ్ముకోకూడని రోజులవి.

9. ఇవాళే పరీక్ష పెట్టి చూడండి

ఇవన్నీ చేశాక ఇంకో 20 నిమిషాలకు ఉత్తుత్తి అపాయింట్‌మెంట్ ఒకటి రాయండి. 10 నిమిషాల ముందు గుర్తు చేయమనండి. మెయిల్ మూసేయండి, కంప్యూటర్ ఆపేయండి, ఫోన్ తెర కూడా ఆర్పేసి పక్కన పెట్టండి. మోగితే మీ ఏర్పాటు గట్టిదే. మోగకపోతే 4, 5 పాఠాలు మళ్లీ చదివి సరిచేసుకోండి. మీ కోసం ఒక డాక్టరో, ఒక బిడ్డో, ఒక తోటి ఉద్యోగో టైము కేటాయించి కూర్చున్నప్పుడు ఆ టైముకి అక్కడ ఉండటం మన బాధ్యత. ఆ బాధ్యతలో లోపం ఎక్కడుందో తేల్చుకోవాల్సింది ఈ ఉత్తుత్తి అపాయింట్‌మెంట్‌తోనే, అసలుదానితో కాదు.