మన వైఫైలో తెలియని ఫోన్లు

ప్రశ్న: మా ఇంటి వైఫై రాత్రిళ్లు బాగా నెమ్మదిస్తోంది. రూటర్‌లో చూస్తే తెలియని ఫోన్లు రెండు కనిపించాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కంగారు పడకండి. కొన్ని ఫోన్లు వేరే పేరుతోనూ కనిపిస్తాయి. ముందు మీ ఇంట్లోని ఫోన్లు, టీవీల్లో వైఫై ఆపి చూడండి. అప్పటికీ జాబితాలో ఎవరైనా ఉంటే, మీ పాస్‌వర్డ్ బయటికి పొక్కి ఉండొచ్చు. కనెక్షన్ పెట్టిన రోజు ఇచ్చిన పాస్‌వర్డునో, సొంత ఫోన్ నంబరునో అలాగే ఉంచేయడం వల్ల ఇలా జరగొచ్చు.

ఇలా చేయండి:

1. రూటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రసు (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. మొదట ఆ లాగిన్ పాస్‌వర్డే మార్చండి.
2. వైర్‌లెస్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3, లేకుంటే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి.
3. వైఫైకి కనీసం 12 అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పాతది తెలిసినవాళ్ల ఫోన్లన్నీ తెగిపోతాయి.
4. పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.
5. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి.

లాగిన్ పేజీ తెరుచుకోకపోయినా, మార్చిన సెట్టింగులు వాటంతటవే మారిపోతున్నా ఇంటర్నెట్ కంపెనీ టెక్నీషియన్‌ను పిలవండి. సొంతంగా రీసెట్ నొక్కితే కనెక్షన్ వివరాలు చెరిగిపోవచ్చు. బ్యాంకు ఖాతాలో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.