శరణుని వంశమేది?

కావ్యారంభమున వంశమును కీర్తించుట తెలుగు కవులకు తొలినుండియు ఆచారము. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు పాండవులను తన వంశకర్తలుగా భావించి, వారి చరితమును తెలుగున వినగోరి, నన్నయభట్టును భారత రచనకు నియోగించెను. మన ఆదికావ్యమునకు పూర్వులయెడ గల మమకారమే ఒక ప్రేరణ యైనది. పుట్టిన వంశమే మానవునకు నెలవను విశ్వాసము దానియందు కలదు. అయితే పుట్టిన ఇల్లే పరాయిదైనవానికి నెలవెక్కడ? శివకవుల రచనలలో ఈ ప్రశ్నకు సమాధానము లభించును.

12వ శతాబ్దివాడైన బసవేశ్వరుడు బాగేవాడిలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి మాదిరాజు ఉపనయనమునకు పూనుకొనగా, శివభక్తునకు ఆ సంస్కారము అనావశ్యకమని బాలుడు నిరాకరించిన ఘట్టము బసవపురాణమున ప్రసిద్ధము. ఆ నిరాకరణముతో ఆయనకు పుట్టింటి ఆశ్రయము తొలగినది. తాతతండ్రుల ఆచారమును కాదన్నవానికి ఆ తాతతండ్రుల పేరు చెప్పుకొను అధికారమును లోకము నిలుపదు. ఇది సామాన్యమైన నష్టము కాదు.

ఆ నష్టమును ఆయన వచనములలో పూరించుకొనెను. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య వంటి శరణుల ఇంటి బిడ్డగా తన్ను చెప్పుకొనెను. చెన్నయ్య చర్మకారుల కులమువాడు. కక్కయ్య తోళ్లు పదునుచేయు కులమువాడు. బిజ్జలుని కొలువున భండారియై అధికారము నెరపిన పురుషుడు, ఊరు వెలివేసినవారిని తన పెద్దలుగా వరించెను. వంశస్తుతి యను పాత ఆచారము అట్లే నిలిచినది. అందు స్తుతింపబడు పెద్దలు మారిరి.

పాల్కురికి సోమనాథుని మార్గము మరియొక విధమైనది. బసవపురాణమున ఆయన తన్ను గారాబముగా పెంచిన తల్లిదండ్రులను, శ్రియాదేవిని విష్ణురామిదేవుని, పేర్కొనెను. వేరొక యెడ తన్ను గురులింగ తనయునిగా, శివకులజునిగా చెప్పుకొనెను. జన్మమిచ్చినవారియెడ కృతజ్ఞత, జ్ఞానమిచ్చినవారియెడ పుత్రభావము ఒకే హృదయమున ఇమిడినవి. దీక్ష పొందినవాడు కన్నవారిని మరువనక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

వంశమువలెనే భాషయు కొందరికి అడ్డుగోడగా తోచును. వచనములు కన్నడమున వెలసినవి కావున తెలుగింటి బిడ్డకు అవి పరుల సొత్తను సందేహము కలుగవచ్చును. కన్నడనాట పుట్టిన బసవని చరితమును సోమనాథుడు తెలుగు ద్విపదలలో రచింపగా, 1369లో భీమకవి దానిని కన్నడ షట్పదిలో వెలయించెను. ఒక వాకిటినుండి వెడలి, పొరుగింట పెరిగి, తిరిగి పుట్టింటికి చేరిన ఈ కావ్యము ఇరుభాషలవారికిని ఉమ్మడి ఆస్తి.

అయితే ఆస్తితోపాటు ఋణమును సంక్రమించును. రక్తమున వచ్చిన వంశము ప్రయత్నము లేకయే నిలుచును. వరించి తెచ్చుకొన్న వంశము నిత్యాచరణమున మాత్రమే నిలుచును. పూజవేళ చెన్నయ్యను తండ్రియని స్మరించి, భోజనవేళ చెన్నయ్య కులమువానిని పంక్తికి దూరముగా నిలిపిన గృహము బసవని వంశావళిలో చేరునా? ఆ గృహమున బసవేశ్వరుడే పరాయివాడగును. శరణుని వంశమేదను ప్రశ్నకు ప్రతి గృహస్థుడును, ప్రతి మఠమును తన పంక్తిలోనే సమాధానము చూపవలసియున్నది.