లప్పం పెట్టే ముందు

పండగ పది రోజుల్లో ఉందనగా చాలా ఇళ్లలో ఒకే పని జరుగుతుంది. హాల్లో సీలింగ్ పెచ్చు ఊడిన చోట కాస్త లప్పం రాస్తారు, ఆరీ ఆరకముందే రంగు కొట్టిస్తారు. వానాకాలం వచ్చేసరికి అక్కడే మళ్లీ పొంగుతుంది, మళ్లీ పెచ్చు రాలుతుంది. నింద పెయింటర్ మీద పడుతుంది. నిజానికి తప్పు మన తొందరది. పైకి కనిపించని పని మీద డబ్బూ రోజులూ పెట్టడానికి మనసు ఒప్పుకోదు. ఆ మనసును ఒప్పించడమే ఇందులో అసలు నేర్పు. తాపీ పట్టడం తర్వాతి సంగతి.

మొదట గోడను తట్టండి. స్క్రూడ్రైవర్ పిడితోనో, చిన్న చెక్కముక్కతోనో జానెడు జానెడు దూరంలో వరసగా తట్టుకుంటూ పోండి. గట్టి పూత గట్టిగా పలుకుతుంది. ఇటుకను వదిలేసిన పూత డొల్లగా మోగుతుంది. డొల్ల పలికినంత మేర సుద్దముక్కతో గీత గీయండి. ఊడింది చారెడే, గీత మాత్రం చాపంత వస్తుంది. అక్కడ చాలామంది జంకుతారు. జంకకండి, కొట్టించండి. డొల్ల పూత మీద కొత్త పూత వేస్తే, పాతది ఊడేటప్పుడు కొత్తదాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. చెడింది ఎంతో అంతా ఒప్పుకుని, గట్టి అంచు తగిలేదాకా తీయించాల్సిందే.

ఆ తర్వాత తేల్చాల్సింది ఒక్కటే: నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? డాబా మీది పగులా, పై ఫ్లాట్ బాత్రూమా, గోడలో పోయే పైపా, పునాది నుంచి ఎక్కే చెమ్మా? ఇది తెలియకుండా ఎంత ఖరీదైన లప్పం కొన్నా దండగే. అపార్ట్‌మెంట్లో ఈ ప్రశ్న మిమ్మల్ని పై ఇంటివారి గుమ్మం దాకా తీసుకెళ్తుంది. అక్కడ మాట జాగ్రత్త. "మీ వల్ల మా ఇల్లు పాడైంది" అన్నారంటే ఆ తలుపు మూసుకుపోతుంది. "మా బెడ్‌రూం సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తోందండీ, ఒకసారి కిందికొచ్చి చూస్తారా?" అనండి. కళ్లతో చూసిన మనిషి ప్లంబర్‌ను పిలవడానికి త్వరగా ఒప్పుకుంటారు. ఖర్చు సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సీలింగ్‌లో ఇనుప చువ్వలు బయటపడితే మాత్రం అది పూతతో పోయేది కాదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును తోసి పగలగొడుతుంది. సిమెంటు రాసి మూసేసినా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. ఇంజినీరుకు చూపించండి. అంతవరకూ దాని కింద మంచం వేయకండి.

ఇక పూత. మేస్త్రి చేతికి అడ్డం రావద్దు, కానీ పని తెలిసి మాట్లాడండి. ముందు సీలింగ్, తర్వాత గోడలు. స్లాబు నున్నగా ఉంటే పూత పట్టదు, గాట్లు పెట్టించాలి. ఇటుకల సందులు సెంటీమీటరు లోతు గీకి, దుమ్ము దులిపి, గోడను తడపాలి. పొడి ఇటుక పూతలోని నీటిని పీల్చేస్తే సిమెంటు గట్టిపడటానికి నీరు మిగలదు. కాంక్రీటు దూలం ఇటుక గోడను కలిసే చోట చికెన్ మెష్ కొట్టించండి. ఆ రెండూ ఎండకు ఒకేలా సాగవు, చలికి ఒకేలా ముడుచుకోవు. మెష్ లేకపోతే సరిగ్గా ఆ గీత వెంటే పగులు వస్తుంది. సీలింగ్‌కు 6 మిల్లీమీటర్ల పూత చాలు, ఒక పాలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్ల ఇసుక. లోపలి గోడకు 12 మిల్లీమీటర్లు, ఐదారు పాళ్ల ఇసుక. సిమెంటు ఎక్కువేస్తే మంచిదనుకుంటారు గానీ, సన్న పగుళ్లు వచ్చేది దానివల్లే. నీళ్లు కలిపిన మాలు అరగంటలో వాడేయాలి. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు పోస్తుంటే ఆపండి. పదిమంది ముందు అరిచి కాదు, దగ్గరికెళ్లి మర్యాదగా చెప్పి ఆపండి. ఇంకో మాట: ధర మాట్లాడుకునేటప్పుడే పాత పూత కొట్టడం, మెష్, నీళ్లు కొట్టే కూలీ విడివిడిగా రాయించుకోండి. చదరపు అడుగుకి ఇంత అని ఒకే ముక్కలో తేల్చుకుంటే ముందు కోత పడేది వీటికే.

పూత అయిన మర్నాటి నుంచి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. గోడ అప్పటికే నున్నగా, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే అందరూ ఎగ్గొట్టేది ఈ ఏడు రోజులనే. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని పూత మొదలుపెట్టకండి. పూత ఆరే రోజులు లెక్కేసుకుని ముహూర్తం అడగండి. పంతులుగారు ఇంకో మంచి రోజు చూసి చెబుతారు. సిమెంటును బతిమాలి ఏడు రోజులను మూడు చేయించుకోలేం. జిప్సం పూతకు ఈ తడపడం అక్కర్లేదు, కాకపోతే బాత్రూం లాంటి తడి చోట్ల అది నిలవదు.

మీది తాతల నాటి డంగు సున్నం ఇల్లయితే సిమెంటు జోలికి అసలు పోవద్దు. సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతూ ఉంటుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ పాత కట్టడాల మీద తర్వాతి కాలంలో పూసిన సిమెంటును ఒలిపించి, మళ్లీ సున్నమే పూయించింది. సున్నం పని తెలిసిన మేస్త్రులు తేలిగ్గా దొరకరు. అయినా వెతకండి, ఆ చేతిపని బతకాలి.

లప్పం చివరి పని. పలుచగా రెండు కోటింగులు, రెండూ కలిపి 1.5 మిల్లీమీటర్లు మించకూడదు. గుంటలుంటే పూతతో సరిచేయించాలి గానీ లప్పంతో పూడ్చకూడదు. మొదటి కోటింగ్ ఆరాకే రెండోది. రాత్రిపూట గోడ పక్కనుంచి లైటు వేసి చూడండి, పగలు కనిపించని ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి. ఇంత పని మీరే నేర్చుకోవచ్చు. బీరువా వెనకాల గోడ మీద మొదలుపెట్టండి, చేయి తిరిగాక హాల్లోకి రండి. సీలింగ్ మాత్రం పనివాళ్లకే వదిలేయండి.

ఎమరీ పేపర్‌తో రుద్దేటప్పుడు లేచే సన్న దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. లప్పం బస్తాలు కొన్నరోజే పనివాళ్లందరికీ ఎన్-95 మాస్కులు కూడా కొని, వాళ్లు పెట్టుకునేలా చూడండి.