పువ్వుకు పంచాంగం చెప్పేదెవరు?

చామంతి కార్తీకంలోనే ఎందుకు విరగబూస్తుంది? మల్లె వేసవి రాగానే ఎందుకు గుబాళిస్తుంది? "అది దాని కాలం" అని మన పెద్దలు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాట నిజమే గాని, అది జవాబు కాదు; ప్రశ్ననే ఇంకో విధంగా చెప్పడం. మొక్కకు కళ్ళు లేవు గదా, గోడ మీది క్యాలెండరు చూసుకోదు గదా, మరి కార్తీకం వచ్చిందని దానికి ఎవరు చెప్పారు? వృక్షశాస్త్ర విద్యార్థిగా నేను చదువుకున్నదీ, మా వీధిలో కళ్ళారా చూసినదీ కలిపి పెరటి పూల సంగతి నాలుగు మాటలు ముచ్చటిస్తాను. ఆర్ట్సు మిత్రులకు కూడా అర్థం కావాలని నా కోరిక. విషయం ఎరిగిన మా లెక్చరర్లు ఈ చనువును మన్నింతురు గాక!

పూలతోట పుస్తకాలు చాలావరకు చలిదేశాలవారు వ్రాసినవి. వారికి ఋతువంటే మంచు పడటం, మంచు కరగటం. లండనులో జూన్ నెల పగలు పదహారు గంటలు దాటితే, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు దిగిపోతుంది. మనకు అలా కాదు. విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నం అన్నీ 16, 18 అక్షాంశాల మధ్యనే ఉన్నాయి. ఇక్కడ జూన్ 21న పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు 22న సుమారు 11 గంటల 5 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలు మాత్రమే! మనం గమనించీ గమనించనట్లుండే ఈ కాస్త తేడాను కొన్ని మొక్కలు పట్టేస్తాయి. కొన్ని అది పట్టించుకోవు. వాటికి నీటి రాకపోకలు ముఖ్యం. మరి కొన్నింటికి చలి ముఖ్యం. రాత్రి, నీరు, చలి – మన పెరట్లో ప్రధానంగా పంచాంగం చెప్పేవారు ఈ ముగ్గురే.

మొదట రాత్రి సంగతి చూద్దాం. అమెరికా వ్యవసాయశాఖలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులకు ఒక పొగాకు రకం పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. దాని పేరు మేరీలాండ్ మామత్. పేరుకు తగ్గట్టే ఆకు మీద ఆకు వేస్తూ మనిషిని మించి పెరిగేది గాని, వేసవిలో పొలంలో పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో గాజు ఇంట్లో చిన్నగా ఉండగానే పూసేది. ఎరువు మార్చినా, వేడి మార్చినా లాభం లేకపోయింది. చివరకు 1918 వేసవిలో కుండీలను సాయంత్రం నాలుగు గంటలకే చీకటి కొట్టులో పెట్టి, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బయటికి తెచ్చారు. అలా కొన్నాళ్ళు చేసేసరికి నడివేసవిలోనే పూలు పూశాయి! 1920లో వారు ఈ ఫలితాలు ప్రకటించారు. కాంతికాలావధి అనే పాఠం మన పుస్తకాల్లోకి వచ్చింది అక్కడినుంచే.

అయితే మొక్క లెక్కపెట్టేది పగటినా, రాత్రినా? దీనికి జవాబు చెప్పింది మనం కలుపుమొక్క అని పీకి పారేసే మరులమాతంగి. బట్టలకు ముళ్ళకాయలు అంటించే ఆ మొక్క మీద 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు ప్రయోగాలు ప్రకటించారు. పగటి మధ్య కాసేపు చీకటి చేస్తే మొక్కకు ఏ తేడా లేదు. పొడుగాటి రాత్రి మధ్య కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే మాత్రం పూయడం మానేసింది. అంటే అది కొలిచేది రాత్రిని, అందులోనూ తెంపు లేని రాత్రిని అన్నమాట. హ్రస్వ దీప్తికాల మొక్కలని మనం పరీక్షల్లో వ్రాసేవి నిజానికి దీర్ఘ రాత్రి మొక్కలు. ఆకులోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎర్రని కాంతిని పట్టి ఈ కబురు తెలుసుకుంటుంది. దానిని 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో గుర్తించారు. ఆకునుంచి కొమ్మ కొసకు "ఇక మొగ్గ తొడుగు" అని కబురు మోసే పదార్థానికి రష్యన్ శాస్త్రజ్ఞుడు చైలఖ్యాన్ 1930లలోనే ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఫలానా ప్రోటీన్ అని గట్టి రుజువులు వచ్చేసరికి 2007 అయింది. పేరు పెట్టిన డెబ్బై ఏళ్ళకు మనిషి దొరికాడన్నమాట!

ఇప్పుడు మా వీధికి వద్దాం. చామంతి కూడా దీర్ఘ రాత్రి మొక్కే. మా పక్కింటి అత్తయ్యగారికి చామంతులంటే ప్రాణం. ప్రహరీ వెంట పన్నెండు కుండీలు. వారింటికి కొత్త కోడలు వచ్చిన ఏడాదే, ఎదుటి స్తంభానికి తెల్లవార్లూ వెలిగే కొత్త దీపం కూడా వచ్చింది. ఆ ఏడు కార్తీకం వెళ్ళింది, మార్గశిరం వచ్చింది. మొక్కలు పచ్చగా ఏపుగా పెరిగాయే గాని మొగ్గ లేదు. దీపం సంగతి ఎవరికీ తట్టలేదు, కోడలి సంగతి అందరికీ తట్టింది. "ఆ పిల్ల చేతివాసి మంచిది కాదు" అన్నారొకరు. "ముట్టు రోజుల్లో కుండీలు తాకి ఉంటుంది" అన్నారింకొకరు. ఆ అమ్మాయి మొక్కలకు నీళ్ళు పోయడం మానేసింది. తర్వాత వాకిట్లోకి రావడమే తగ్గించింది.

నేను చూసేసరికి మూల ఉన్న రెండు కుండీలు, గేటు దిమ్మె నీడ పడేవి, మొగ్గ తొడిగి ఉన్నాయి. నాకు పాఠం గుర్తొచ్చింది. మరుసటి ఏడు వినాయక చవితి వెళ్ళగానే అత్తయ్యగారిని బతిమాలి, ఆరు కుండీలు పెరట్లో నూతి వెనుక చీకట్లోకి మార్పించాను. ఆరు దీపం కిందనే ఉంచాం. ఒకే మన్ను, ఒకే ఎరువు. నేను పెట్టిన షరతు ఒక్కటే: పన్నెండింటికీ కోడలే నీళ్ళు పోయాలి. దీపావళి దాటేసరికి నూతి వెనుక ఆరూ మొగ్గలతో నిండాయి. దీపం కిందివి ఆకులతోనే ఉన్నాయి. అత్తయ్యగారు ఏమీ అనలేదు. పూలు కోసి, మాల కట్టి, "ఇలా రామ్మా" అని పిలిచి కోడలి జడలో తురిమారు. పన్నెండు కుండీల ప్రయోగం ఏ శాస్త్ర పత్రికకూ చాలదు. ఆ ఇంటికి చాలింది.

ఇక నీటి సంగతి. మల్లెది వేరే వరస. మల్లెమొగ్గ కొత్త చిగురు కొసనే వస్తుంది. పాత కొమ్మ ఎంత పెద్దదైనా పూలు తక్కువ. అందుకే తోటల వాళ్ళు మార్గశిరం ప్రాంతంలో కొన్నాళ్ళు నీరు ఆపి, పొదను మోకాలెత్తుకు కత్తిరించి, మొదట్లో పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీరు కడతారు. ఎండకు కొత్త చిగుళ్ళు ఒక్కసారిగా లేచి, ఫాల్గుణ చైత్రాలకల్లా మొగ్గలు కడతాయి. మన ఇళ్ళల్లో కత్తెర వేయడానికి మనసొప్పదు, నీరాపడానికి అంతకంటే ఒప్పదు. ఏడాది పొడవునా నీళ్ళు తాగిన మల్లె ఆకు కూర మడిలా తయారవుతుంది! తొలకరి పడిన కొన్నాళ్ళకే నేలలోంచి తలెత్తే వాన లిల్లీలు కూడా నీటి కబురు వినేవే.

మూడోది చలి. పిటూనియా, ఫ్లాక్స్, ఆస్టర్, పాన్సీ – నర్సరీల్లో "సీజను పూలు" అని అమ్మేవి చాలావరకు చల్లని వాతావరణం కోరే ఏడాది మొక్కలు. వీటిని భారీ వానలు వెనకబట్టాక, అక్టోబరులో నారు పోసుకుంటే సంక్రాంతికి కళకళలాడతాయి. మార్చి ఎండకు వాడి గింజ కట్టి వెళ్ళిపోతాయి. అది రోగం కాదు, వాటి ఆయువు అంతే. ఎండాకాలంలో ఆ జాగాలో నాచుపూలు, జినియా వేసుకోవాలి. ఎండే వాటికి బలం.

బంతికి ఇంత పట్టింపు లేదు. మెక్సికో ప్రాంతంనుంచి వచ్చిన అతిథి అయినా మన గుమ్మాలకు తోరణమై కూర్చుంది. గింజ వేసిన రెండు రెండున్నర నెలలకు పూస్తుంది గనుక లెక్క మనమే వేసుకోవచ్చు: దసరాకు, బతుకమ్మకు కావాలంటే ఆషాఢంలో, సంక్రాంతికి కావాలంటే అక్టోబరులో. చామంతి పిలకలు ఆషాఢ శ్రావణాల్లో నాటి, నెలకు కొసలు తుంచితే గుబురు కడుతుంది. భాద్రపదం వెళ్ళాక మాత్రం తుంచరాదు. మందార, నందివర్ధనం, గన్నేరు ఇంచుమించు ఏడాది పొడవునా పూస్తూనే ఉంటాయి గనుక దేవుడి పూజకు లోటుండదు.

కాబట్టి మిత్రులారా, పూయని మొక్కను పీకేముందు, ఆ తప్పు ఎవరి చేతిమీదనో రుద్దేముందు, మూడు ప్రశ్నలు వేసుకోండి. దీని రాత్రిని ఏ దీపమైనా తెంపుతోందా? దీనికి కత్తెర, ఎండు విరామం దొరికాయా? ఇది చలిమొక్కా, ఎండమొక్కా? జవాబు దొరికితే కుండీ జరపడమో, ఒక పక్షం నీరాపడమో సరిపోతుంది. మన హాస్టళ్ళ ముందు కూడా తెల్లవార్లూ దీపాలు వెలుగుతాయి గనుక, ఈసారి చామంతులు నాటేవారు భవనం వెనుక వైపు జాగా చూసుకోవలసిందిగా మనవి.