వాగు దాటే జీపుకు స్నార్కెల్ ఒక్కటే చాలదు

బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాలో బాసగూడ నుంచి తర్రెం వైపు వెళ్లే ప్రాంతం తాలిపేరు నది పరీవాహకంలో ఉంది. ఈ నీరే దిగువన తెలంగాణలోని చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టును దాటి గోదావరిలో కలుస్తుంది. ఎగువ కొండల్లో గట్టి వాన పడితే పొద్దున మోకాలి లోతున్న వాగు మధ్యాహ్నానికి నడుము దాటగలదు. అప్పుడు రోగిని తేవాలన్నా, బియ్యం చేర్చాలన్నా నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే జీపులే దిక్కు. అలాంటి బండికి స్నార్కెల్ బిగిస్తే ఎంత నీటినైనా దాటేయవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ స్నార్కెల్ కాపాడేది ఇంజన్‌ను మాత్రమే.

డీజిల్ ఇంజన్ గాలిని దాదాపు పదహారో వంతుకు నొక్కుతుంది. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లోకి గ్లాసెడు నీళ్లు చేరినా పిస్టన్ మధ్యలోనే ఆగి, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే గాలి పీల్చే మూతిని పైకప్పు ఎత్తుకు తీసుకెళ్తారు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదనేదీ ఇందుకే. స్నార్కెల్‌తోనే వచ్చే ఫోర్స్ గూర్ఖాకు సైతం తయారీదారు చెప్పిన నీటి లోతు 700 మిల్లీమీటర్లే. స్నార్కెల్ లేకుండా వచ్చే మహీంద్రా థార్‌కు అది 650. గొట్టం పైకప్పు దాకా ఉన్నా పరిమితి మాత్రం నడుము కిందే ఉంది!

అంతగా కనిపించని ముప్పు యాక్సిల్‌లో ఉంటుంది. పరుగెత్తి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. 80 డిగ్రీల నుంచి 25కి పడితే పీడనం సుమారు 15 శాతం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. దీనికి మందు చవకే. గాలి రంధ్రానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకు లాగితే చాలు. వాగు ముందు కాసేపు ఆగి బండిని చల్లారనివ్వడమూ మంచిదే. దాటాక ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరినట్టే, మార్చాల్సిందే.

ఇక అసలు సంగతి బరువు. క్యాబిన్ అడుగు సుమారు 4 చదరపు మీటర్లు అనుకుందాం. నీరు దాన్ని దాటి ఒక్కో సెంటీమీటరు పెరిగినప్పుడల్లా 40 కిలోల బరువును పైకెత్తుతుంది. 30 సెంటీమీటర్లు పెరిగితే 1800 కిలోల బండిలో చక్రాల మీద మిగిలేది 600 కిలోలే. పాచి పట్టిన చప్టా మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, బండిని పక్కకు జరగనివ్వకుండా పట్టి ఉంచేది 180 కిలోల బలం.

ప్రవాహం తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. నీటిలో మునిగిన పక్కభాగం చదరపు మీటరున్నర అయితే, సెకనుకు ఒక మీటరు వేగంతో ఆ తోపు సుమారు 75 కిలోలు. వేగం రెండు మీటర్లయితే 300. అంటే మొదటి సందర్భంలో నిలిచిన బండి రెండో సందర్భంలో కొట్టుకుపోతుంది, ఇంజన్ హాయిగా గాలి పీలుస్తుండగానే. నేలలోని రబ్బరు బిరడాలు తీసి నీటిని లోపలికి రానిస్తే తేలే గుణం కొంత తగ్గుతుంది. సీట్లు పాడవుతాయి, నిజమే.

కనుక నీటిలోకి దిగేముందు లోతుతో పాటు వేగమూ కొలవాలి. గట్టు వెంట పది మీటర్ల దూరానికి రెండు రాళ్లు పెట్టి, పై రాయి దగ్గర ఒక పుల్లను ప్రవాహంలోకి విసిరి సెకన్లు లెక్కపెడితే సరిపోతుంది. అది కింది రాయిని చేరడానికి పది సెకన్లు పడితే వేగం సెకనుకు ఒక మీటరు. అయిదు సెకన్లకే చేరితే ఇంజన్ ఆపి, నీరు తగ్గేదాకా ఒడ్డునే ఉండాలి.