లూసీన్ శోధన వాక్య నియమాలు: వ్యవసాయ సాహిత్య అన్వేషణకు అన్వయం

సంగ్రహం

సాహిత్య సమీక్షలో "ఈ అంశంపై పరిశోధనలు లేవు" అని రాసే ముందు శోధన వాక్యాన్ని యంత్రం ఏ అర్థంలో గ్రహించిందో పరిశీలించడం అవసరం. ఫలితాలు రాకపోవడానికి పరిశోధన లేకపోవడం ఎంత కారణమో, వాక్య నిర్మాణ లోపం కూడా అంతే కారణం కావచ్చు. పూర్తిపాఠ శోధనకు విస్తృతంగా వాడుకలో ఉన్న లూసీన్ లైబ్రరీ మూల నియమాలను వ్యవసాయ ఉదాహరణలతో ఈ వ్యాసంలో వివరించడమైనది.

పరిచయం

లూసీన్ జావా భాషలో రూపొందిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. దీనిని డగ్ కటింగ్ 1999లో రచించారు. 2001లో ఇది అపాచీ సంస్థ ప్రాజెక్టులలో చేరింది. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధన సర్వర్లు దీనిపైనే నిర్మితమైనవి. సిద్ధాంత గ్రంథాలను భద్రపరచే అనేక సంస్థలు వాడే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ కూడా శోధనకు సోలర్‌పై ఆధారపడుతుంది. అందువల్ల ఈ నియమాలు ప్రోగ్రామర్లకే కాక విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు కూడా ఉపయోగకరం.

సూచిక స్వరూపం

పుస్తకం చివర పదసూచిక ఏ పదం ఏ పుటలో ఉన్నదో తెలుపుతుంది. లూసీన్ సూచిక కూడా అదే విధంగా ప్రతి పదానికి, అది ఉన్న పత్రాల జాబితాను భద్రపరుస్తుంది. యంత్రం అర్థాన్ని వెదకదు. సూచికలోని పదరూపాన్ని వెదకుతుంది. పాఠాన్ని పదాలుగా విడదీసే భాగాన్ని విశ్లేషకం అంటారు. సాధారణ విశ్లేషకానికి వరి, వరిలో, వరికి అనేవి మూడు వేర్వేరు పదాలు. లూసీన్ 9వ వెర్షన్ శ్రేణిలో తెలుగు విశ్లేషకం ఉన్నది. అది కొన్ని బహువచన, విభక్తి ప్రత్యయాలను తొలగిస్తుంది. అయితే ఒక వెబ్‌సైటు దానిని వాడుతున్నదో లేదో ఆ నిర్వాహకుల ఎంపికపై ఆధారపడి ఉంటుంది.

తప్పనిసరి, ఐచ్ఛిక, నిషిద్ధ పదాలు

వరి అగ్గి తెగులు

అని రాసినప్పుడు ఈ మూడింటిలో ఏ ఒక్క పదం ఉన్నా ఆ పత్రం ఫలితాలలో చేరుతుంది; ఎక్కువ పదాలు సరిపోలిన పత్రాలు సాధారణంగా ముందు వస్తాయి. పదం తప్పక ఉండాలంటే ముందు కూడిక గుర్తును, ఉండకూడదంటే తీసివేత గుర్తును చేర్చాలి. వరుస పదాలు కలిసి ఉండాలంటే ఉల్లేఖన చిహ్నాలు వాడాలి.

+వరి +"అగ్గి తెగులు" -గోధుమ

తీసివేత గుర్తును జాగ్రత్తగా వాడాలి. వరి, గోధుమ రెండింటిలో ఈ తెగులును పోల్చిన విలువైన వ్యాసం కూడా పై వాక్యంతో తొలగిపోతుంది. నిషిద్ధ పదాన్ని ఒంటరిగా ఇస్తే లూసీన్ ఏ ఫలితమూ చూపదు.

ఆండ్, ఆర్, నాట్ అనే సంయోజకాలను ఇంగ్లీషు పెద్ద అక్షరాలలోనే టైపు చేయాలి. వీటి ప్రాధాన్య క్రమం గణితంలో వలె ఉండదు.

వరి ఆర్ జొన్న ఆండ్ తెగులు

అనే వాక్యాన్ని లూసీన్ మూల విశ్లేషణ విధానం "జొన్న, తెగులు తప్పనిసరి, వరి ఐచ్ఛికం" అని గ్రహిస్తుంది. ఫలితంగా వరి తెగుళ్ళపై మాత్రమే ఉన్న పత్రాలన్నీ జారిపోతాయి. కుండలీకరణాలతో ఈ లోపం తొలగుతుంది.

+(వరి జొన్న) +తెగులు

క్షేత్రాలు, రకాల పేర్లు

శీర్షిక:అగ్గి తెగులు అని రాస్తే మొదటి పదాన్ని మాత్రమే శీర్షికలో వెదకుతుంది. రెండవది సాధారణ క్షేత్రానికి పోతుంది. శీర్షిక:"అగ్గి తెగులు" అని రాయడం సరైనది. క్షేత్రాల పేర్లు ఆయా సూచికలో నిర్ణయించినవే అయి ఉండాలి.

సాంబ మసూరిగా ప్రసిద్ధమైన బీపీటీ 5204 వంటి రకాల పేర్లలో అడ్డగీత ప్రమాదకరం. బీపీటీ -5204 అని మధ్యలో ఖాళీ వదిలితే, 5204 ఉన్న పత్రాలను తొలగించమని అర్థం! రకం పేరును "బీపీటీ 5204" అని ఉల్లేఖన చిహ్నాలలో ఉంచడం శ్రేయస్కరం.

పదరూప భేదాలు

వరి* అని రాస్తే వరిలో, వరికి, వరినారు వంటి రూపాలన్నీ లభిస్తాయి. వరించు, వరిష్ఠ కూడా వస్తాయి. *జొన్న వలె నక్షత్రంతో ఆరంభించడం మూల అమరికలో అనుమతించబడదు. కనుక మొక్కజొన్నను విడిగా పేర్కొనాలి. నక్షత్రం చేర్చిన పదానికి ప్రత్యయ తొలగింపు జరగదు. సూచికలో పురుగు అనే మూలరూపమే ఉంటే పురుగులు* అనే వాక్యానికి అది దొరకదు.

వర్ణక్రమ భేదాలకు తరంగ గుర్తు ఉపయోగపడుతుంది. తెగులు~1 అంటే ఒక అక్షర సంకేతం వరకు తేడాను అనుమతించమని అర్థం. గరిష్ఠ పరిమితి రెండు. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. అందువల్ల అగి, అగ్గి పదాల మధ్య తేడా రెండు. చిన్న పదాలకు ఈ గుర్తు తగదు: వరి~1 అంటే సరి, మరి కూడా వస్తాయి.

ఉల్లేఖనం తరువాత అదే గుర్తు పదాల మధ్య దూరాన్ని సూచిస్తుంది. "జింకు లోపం"~5 అంటే ఆ రెండు పదాలు సమీపంలో ఉంటే చాలు.

అన్వయం

వరిలో సుడిదోమపై తెలుగు సాహిత్యాన్ని సేకరించవలసి ఉన్నదనుకుందాం. కొందరు రచయితలు పురుగు పేరును, మరికొందరు దాని నష్ట లక్షణమైన దోమపోటును వాడతారు. కనుక వాక్యం ఇలా ఉండాలి:

+వరి* +(సుడిదోమ* దోమపోటు*)

మొదట ఈ విధంగా విస్తృతంగా వెదకి, తొలి ఫలితాలను చదివి, వాటిలో కనిపించిన కొత్త పర్యాయపదాలను కుండలీకరణాలలో చేర్చాలి. తరువాతనే శీర్షిక, సంవత్సరం వంటి పరిమితులు విధించాలి. ప్రతి వెబ్‌సైటు పై గుర్తులన్నింటినీ అంగీకరించకపోవచ్చు. కావున ఉన్నదని ముందే తెలిసిన ఒక వ్యాసం ఆ వాక్యానికి దొరుకుతున్నదో లేదో పరీక్షించుకోవాలి.

ముగింపు

రైతుకు ఇచ్చే సిఫారసు శాస్త్రవేత్త చదివిన సాహిత్యంపై ఆధారపడుతుంది. ఆ సాహిత్యం శోధన వాక్యంపై ఆధారపడుతుంది. ప్రయోగ పద్ధతిని నమోదు చేసినట్లే, వాడిన శోధన వాక్యాన్ని, తేదీని, లభించిన ఫలితాల సంఖ్యను సమీక్షలో నమోదు చేయడం అవసరం. అప్పుడే మరొకరు దానిని పునఃపరిశీలించి, జారిపోయిన వాటిని గుర్తించగలరు.